ఇంటిలోపలి పంజరాలలో కుందేళ్ల పెంపకం: దుర్వాసనకు మూలాలు, నియంత్రణ పద్ధతులు

తక్కువ స్థలంలో, స్వల్ప పెట్టుబడితో చేపట్టగలిగిన జీవాల పెంపకాలలో కుందేళ్ల పెంపకం ఒకటి. పశువుల కొట్టానికి చోటు లేని కుటుంబం కూడా ఇంటి వెనుక గదిలోనో, వసారాలోనో, మేడపై రేకుల షెడ్డులోనో నాలుగైదు పంజరాలతో దీనిని ప్రారంభించవచ్చు. అయితే మనుషులు నివసించే చోటికి ఆనుకొని సాగే ఈ పెంపకానికి దుర్వాసన పెద్ద అవరోధం. ఇరుగుపొరుగు ఫిర్యాదులు దాని ఫలితాలలో ఒకటి మాత్రమే. వాసనకు కారణమైన అమ్మోనియా వాయువు కుందేలు శ్వాసనాళాలను దెబ్బతీసి, మందలో ముక్కు, ఊపిరితిత్తుల వ్యాధులకు దారి తీస్తుంది. కనుక దుర్వాసన నియంత్రణను శుభ్రతకు సంబంధించిన చిన్న విషయంగా కాక, మంద ఆరోగ్య పరిరక్షణలో భాగంగా చూడాలి. వాసన ఎక్కడ, ఎలా పుడుతుందో తెలిస్తే నియంత్రణకు ఖరీదైన మందులు అవసరం లేదని ఈ వ్యాసం వివరిస్తుంది.

వాసన పుట్టే విధానం

ఆరోగ్యంగా ఉన్న కుందేలు ఒంటికి చెప్పుకోదగిన వాసన ఉండదు. అది వేసే గట్టి పెంటికలలో పీచు ఎక్కువ, తేమ తక్కువ. గాలి తగిలితే అవి త్వరగా ఆరిపోతాయి. ఆరిన పెంటికలకు ఎండుగడ్డిని పోలిన తేలికపాటి వాసన మాత్రమే ఉంటుంది. అప్పుడే విసర్జించిన మూత్రానికి సైతం ఘాటు తక్కువే. అందులోని నత్రజనిలో అధిక భాగం యూరియా రూపంలో ఉంటుంది, యూరియాకు వాసన లేదు. ఈ రెండూ ఒకచోట కలిసినప్పుడే సమస్య మొదలవుతుంది. పెంటికలలోని సూక్ష్మజీవులు యూరియేజ్ అనే ఎంజైమును ఉత్పత్తి చేస్తాయి. తేమ అందిన కొన్ని గంటలలోనే ఈ ఎంజైము యూరియాను అమ్మోనియాగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొట్టడం ప్రారంభిస్తుంది. ఒకటి రెండు రోజులలో ఈ చర్య తీవ్రస్థాయికి చేరుతుంది.

ఈ చర్య వేగాన్ని నాలుగు అంశాలు నిర్ణయిస్తాయి: తేమ, ఉష్ణోగ్రత, క్షారత, కాలం. వీటిలో క్షారతకు కుందేళ్ల విషయంలో ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. మేతలోని కాల్షియంను కుందేలు అవసరానికి మించి గ్రహించి, మిగులును మూత్రం ద్వారా విసర్జిస్తుంది. అందువల్లనే కుందేలు మూత్రం తరచు తెల్లగా, మడ్డిగా కనిపిస్తుంది. దాని పీహెచ్ సాధారణంగా 8 నుంచి 9 వరకు ఉంటుంది. ద్రవంలోని అమ్మోనియాలో గాలిలోకి పోగల వాయురూపం వాటా పీహెచ్‌ను బట్టి మారుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ 7 ఉన్నప్పుడు ఆ వాటా ఒక శాతం కంటే తక్కువ, పీహెచ్ 8 వద్ద సుమారు 5 శాతం, పీహెచ్ 9 వద్ద సుమారు 36 శాతం. తటస్థ ద్రవంలో కరిగి ఉండిపోయే అమ్మోనియా కుందేలు మూత్రంలో తేలికగా గాలిలో కలవడానికి ఇదే కారణం.

మూత్రంలోని కాల్షియం కార్బొనేట్ పళ్లేలపైన, రేకులపైన తెల్లని గారగా పేరుకుంటుంది. గరుకైన ఈ పొరలో సూక్ష్మజీవులు నిలిచి ఉంటాయి. నీటితో కడిగిన పళ్లెం మరునాటికే మళ్లీ వాసన వేస్తున్నదంటే ఈ గార మిగిలిపోయిందని గ్రహించాలి.

కుందేలుపై అమ్మోనియా ప్రభావం

కుందేళ్ల గదిలో అమ్మోనియా 10 పీపీఎం లోపు ఉండడం మేలు. 25 పీపీఎం దాటనివ్వరాదు. మనుషులు ఎనిమిది గంటలు పనిచేసే ప్రదేశాలలో సాధారణంగా పాటించే పరిమితి కూడా 25 పీపీఎం. పని ముగిసిన మనిషి బయటికి వెళ్లిపోతాడు. కుందేలు ఇరవై నాలుగు గంటలూ అదే గాలిని, అదీ పళ్లేనికి జానెడు దూరంలో ముక్కు ఉంచి పీలుస్తుంది. నిలబడిన మనిషి ముక్కు వద్ద ఉండే గాఢత కంటే పంజరం అడుగున ఉండే గాఢత ఎక్కువని మరువరాదు.

శ్వాసనాళాల లోపలి పొరపై ఉండే సూక్ష్మమైన కేశికలు దుమ్మును, క్రిములను బయటికి నెడుతుంటాయి. అమ్మోనియా ఈ కేశికలను దెబ్బతీస్తుంది. పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా చాలా కుందేళ్ల ముక్కులో ఏ లక్షణమూ చూపకుండా నివసిస్తుంది. రక్షణ పొర దెబ్బతిన్నప్పుడు అదే బాక్టీరియా తుమ్ములకు, చిక్కని చీమిడికి, న్యుమోనియాకు కారణమవుతుంది. కుందేలు కారుతున్న ముక్కును ముందుకాళ్లతో తుడుచుకుంటుంది కనుక ఆ కాళ్ల లోపలివైపు బొచ్చు అట్టకట్టి ఉండడం తొలి గుర్తు. క్షేత్ర సందర్శనలో ముక్కుతోపాటు ముందుకాళ్లను కూడా పరిశీలించాలి. గదిలో అమ్మోనియా తగ్గించకుండా యాంటీబయాటిక్ మాత్రమే వాడితే వ్యాధి తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

మేతలో మిగులు మాంసకృత్తులు: ఒక లెక్క

పెరిగే కుందేళ్లకు దాణాలో 15 నుంచి 16 శాతం, పాలిచ్చే తల్లులకు 17 నుంచి 18 శాతం మాంసకృత్తులు సరిపోతాయి. తల్లుల దాణానే అన్నింటికీ వేస్తే ఎదిగిన కుందేళ్లకు అవసరానికి మించిన మాంసకృత్తులు అందుతాయి. శరీరం వాడుకోలేని నత్రజని యూరియాగా మారి మూత్రంలోకి వస్తుంది. దీని ప్రభావం ఎంతో విద్యార్థులు స్వయంగా లెక్కించి చూడవచ్చు.

రోజుకు 100 గ్రాముల దాణా తినే కుందేలుకు 16 శాతానికి బదులు 18 శాతం మాంసకృత్తులున్న దాణా వేస్తే అదనంగా అందేది 2 గ్రాముల మాంసకృత్తులు. దానిని 6.25తో భాగిస్తే 0.32 గ్రాముల నత్రజని వస్తుంది. ఇదంతా జీర్ణమై, మూత్రం ద్వారా వెలువడి, అమ్మోనియాగా మారిందనుకుంటే సుమారు 0.39 గ్రాముల అమ్మోనియా, అంటే అర లీటరుకు మించిన వాయువు ఏర్పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో సుమారు 28,300 లీటర్ల గాలి ఉంటుంది. గది పూర్తిగా మూసి ఉంటే ఒక్క కుందేలు, ఒక్క రోజులో, కేవలం ఆ రెండు శాతం తేడాతో గదిలోని అమ్మోనియాను సుమారు 20 పీపీఎం పెంచగలదు.

ఇది గరిష్ఠ పరిమితిని చూపే లెక్క. నిజానికి కొంత నత్రజని పెంటలోనే నిలిచిపోతుంది, కొంత వాయువు బయటికి పోతుంది. అయినా సమస్య పరిమాణాన్ని ఈ లెక్క స్పష్టం చేస్తుంది. అటువంటి కుందేళ్లు పది ఉంటే, ఆ మిగులు అమ్మోనియా ఒక్కదానినే 10 పీపీఎం వద్ద నిలపడానికి గదిలోని గాలి మొత్తం దాదాపు గంటకొకసారి మారాలి. దాణాను వయసు, దశలను బట్టి వేరుగా ఇవ్వడం ఖర్చు లేని నియంత్రణ చర్య. లూసర్న్ వంటి పప్పుజాతి పచ్చిమేతలో మాంసకృత్తులు, కాల్షియం రెండూ ఎక్కువ కనుక దానిని గడ్డిజాతి మేతతో కలిపి ఇవ్వాలి.

వాసనను బట్టి కారణాన్ని గుర్తించడం

దుర్వాసన అంతా ఒకే రకం కాదు. రైతు చెప్పే “కంపు” అనే ఒక్క మాట వెనుక వేర్వేరు కారణాలు ఉండవచ్చు.

కళ్లు మండించే ఘాటైన వాసన: అమ్మోనియా. మూత్రం, పెంట కలిసి నిలవ ఉన్నాయని అర్థం.

కుళ్లిన కోడిగుడ్డు వాసన: గాలి చొరబడని తడి పెంట మురుగుతున్నది. పంజరాల కింది గుంతలో నీరు చేరినప్పుడు ఇది కనిపిస్తుంది. ఇందులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది కనుక అటువంటి గుంతను మూసి ఉన్న గదిలో ఒక్కసారిగా కలియబెట్టరాదు.

పుల్లని లేదా బూజు వాసన: దాణా తొట్టిలో తడిసిన దాణా, పంజరంలో మిగిలిపోయిన పచ్చిమేత పులుస్తున్నాయి.

ఒక్క పంజరం నుంచే వచ్చే వాసన: ఇది జీవానికి సంబంధించినది. కుందేలు సాధారణంగా మెత్తటి పెంటికలను మలద్వారం నుంచి నేరుగా తినేస్తుంది. దాణా ఎక్కువై, పీచు తక్కువైనప్పుడు, లేదా స్థూలకాయం వల్ల వంగలేనప్పుడు అవి తినకుండా మిగిలి, వెనుకభాగానికి అంటుకొని తీవ్రమైన వాసన వేస్తాయి. పారుడు, చీము గడ్డలు, గూడు పెట్టెలో చనిపోయిన పిల్ల ఇతర కారణాలు. ఎదిగిన మగ కుందేలు మూత్రాన్ని పక్కలకు చిమ్మే అలవాటు వల్ల కూడా ఒక మూల నుంచి ఘాటు వాసన రావచ్చు.

పంజరం, పళ్లెం అమరిక

మూత్రం, పెంట కలవకుండా చేయడం నియంత్రణలో మొదటి మెట్టు. పంజరం అడుగు వల కంతలు అర అంగుళం వెడల్పు, ఒక అంగుళం పొడవు ఉంటే పెంటికలు నిలవకుండా జారిపోతాయి. ఎదిగిన బరువైన కుందేళ్ల పాదాలకు పుండ్లు పడకుండా వలపై ఒకవైపు చిన్న చెక్క పలకనో, ప్లాస్టిక్ జల్లిపలకనో ఉంచి, దానిని తరచు కడిగి ఆరబెట్టాలి.

పంజరం కింద రెండు అంచెల అమరిక ఉపయోగకరం. పైన పావు అంగుళం కంతలున్న సన్నని వల పెంటికలను ఆపుతుంది. దాని కింద వాలుగా అమర్చిన రేకు మూత్రాన్ని ఒక మూలకు చేర్చి మూత ఉన్న డబ్బాలోకి పంపుతుంది. పెంటికలు గాలికి ఆరతాయి, మూత్రం గాలికి దూరమవుతుంది. చిన్న గదులలో ఒకే వరుస పంజరాలు మేలు. రెండు, మూడు అంతస్తులు పెడితే ప్రతి అంతస్తు కింద వాలు రేకు తప్పనిసరి. మగ కుందేళ్ల పంజరాలకు పక్కల జానెడు ఎత్తు రేకు బిగిస్తే గోడలు తడవవు.

కుందేళ్లకు ఒకే మూలలో మూత్రం పోసే అలవాటు ఉంది. గట్టి అడుగున్న పెట్టెలలో ఒకటి రెండు కుందేళ్లను పెంచుకునే నగరవాసులు ఆ మూలలో చిన్న తొట్టిని ఉంచి రోజూ మార్చితే చాలావరకు వాసన తగ్గుతుంది. తడిస్తే గడ్డకట్టే బెంటొనైట్ మట్టిని అందులో వాడరాదు, కుందేలు తింటే పేగులలో అడ్డుపడే ప్రమాదం ఉంది.

తేమ నియంత్రణ

నీటి నిపుల్ నుంచి సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారితే రోజుకు సుమారు 4.3 లీటర్ల నీరు పళ్లెంలోకి చేరుతుంది. రెండు కిలోల కుందేలు రోజుకు పోసే మూత్రం మేతను, వాతావరణాన్ని బట్టి మారినా, పావు లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే కారే నిపుల్ ఒక్కటి పదిహేనుకు పైగా కుందేళ్ల మూత్రమంత తడిని కలుపుతున్నది. వాసన ఫిర్యాదు అందినప్పుడు మందుల ప్రస్తావనకు ముందు ప్రతి నిపుల్ కింద పొడి కాగితం ముక్క పెట్టి పరీక్షించాలి.

పళ్లెంలో పరిచే పదార్థాన్ని దాని పీల్చుకునే గుణాన్ని బట్టి ఎంచుకోవాలి. తెలుగు రాష్ట్రాలలో వరి ఊక చవకగా దొరికినా, దాని పైపొరలోని సిలికా వల్ల నీటిని తక్కువగా పీల్చుకుంటుంది. కోనసీమ వంటి కొబ్బరి ప్రాంతాలలో లభించే కొబ్బరి పొట్టు తన బరువుకు అనేక రెట్ల నీటిని పట్టి ఉంచగలదు, పైగా స్వల్పంగా ఆమ్లగుణం కలిగి ఉంటుంది. ఆరిన రంపపు పొట్టు, చింపిన కాగితం కూడా పనికివస్తాయి. దేవదారు జాతి కలప పొట్టులోని సుగంధ ద్రవ్యాలు కుందేలుకు హాని చేస్తాయి కనుక వాటిని కుందేలుకు తగిలే చోట వాడరాదు. ఏ పదార్థమైనా తడిసిన తరువాత పైన కొత్త పొర వేయడం కంటే తడిసినంత మేర తీసివేయడం మంచిది.

గాలి ప్రసరణ

గాలి ముందు కుందేలును తాకి, తరువాత పళ్లేన్ని తాకి, బయటికి పోవాలి. ఈ క్రమం తిరగబడితే పళ్లెంలోని అమ్మోనియా కుందేలు ముక్కుకు చేరుతుంది. చిన్న గదిలో బయటికి గాలిని నెట్టే ఫ్యానును పంజరాల కింది మట్టానికి దగ్గరగా, కిటికీకి ఎదుటి గోడలో అమర్చడం అనుకూలం. పళ్లేలపైకి గాలి విసిరే టేబుల్ ఫ్యాన్ వాసనను గదంతా వ్యాపింపజేస్తుంది. చలికాలంలో గాలి నేరుగా పిల్లలపై వేగంగా వీచకుండా చూడాలి కాని, కిటికీలన్నీ మూసివేయరాదు.

ఈ విషయంలో ప్రాంతభేదాన్ని గుర్తించాలి. హిమాచల్ ప్రదేశ్‌లోని గర్సా, తమిళనాడులో కొడైకెనాల్ సమీపంలోని మన్నవనూరు వంటి చల్లని కొండ ప్రాంతాలలో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థకు చెందిన కేంద్రాలు కుందేళ్లపై పనిచేస్తున్నాయి. అటువంటి వాతావరణంలో చలికి గదులు మూసి ఉంచడం వల్ల అమ్మోనియా పేరుకుంటుంది. తెలుగు రాష్ట్రాల మైదానాలలో సమస్య వేసవిలో, వేరొక మార్గంలో వస్తుంది. కుందేలుకు అనుకూలమైన ఉష్ణోగ్రత 15 నుంచి 25 డిగ్రీలు. 30 దాటితే ఒత్తిడికి లోనవుతుంది. ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు రైతులు చల్లదనం కోసం నేలపైనా, పంజరాలపైనా నీళ్లు చల్లుతారు. ఆ నీరు పళ్లేలకు చేరి, వేడి, తేమ, మూత్రం ఒక్కచోట కలుస్తాయి. తడి గోనె పట్టాలను గాలి లోపలికి వచ్చే కిటికీలకు మాత్రమే కట్టాలి, వాటి నీరు బయటి వైపుకే కారాలి. నీళ్లు గడ్డకట్టించిన మూత సీసాలను పంజరంలో ఉంచడం, పైకప్పుకు సున్నం వేయడం లేదా తాటాకు పరచడం నేలను తడపకుండా చల్లదనాన్నిస్తాయి. వానకాలంలో గాలిలో తేమ ఎక్కువై పెంటికలు ఆరవు కనుక రోజుకు ఒకసారి తీసే పెంటను రెండుసార్లు తీయాలి.

వాడుకలో ఉన్న కొన్ని పద్ధతుల సమీక్ష

తడి పెంటపై సున్నం లేదా బూడిద చల్లడం పల్లెలలో కనిపించే అలవాటు. రెండూ క్షారగుణం కలవే. పెంటలో అప్పటికే కరిగి ఉన్న అమ్మోనియాను అవి ఒక్కసారిగా వాయురూపంలోకి మారుస్తాయి. పెంట తీసివేసి, కడిగి, ఆరిన నేలపై క్రిమిసంహారకంగా సున్నం పూయడం సరైన పద్ధతి. తడి పెంటపై వేయవలసి వస్తే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ పలుచగా చల్లవచ్చు. దానిలోని ఆమ్లగుణం, జిప్సం అమ్మోనియాను లవణాలుగా బంధిస్తాయి, ఎరువుకు భాస్వరం కూడా చేరుతుంది. అది కుందేళ్ల నోటికి అందకుండా చూడాలి. జియోలైట్ వంటి ఖనిజాలు కూడా అమ్మోనియంను పట్టి ఉంచగలవు కాని, కారే నిపుల్‌ను సరిచేయని చోట వాటిపై పెట్టే ఖర్చు వృథా.

మూత్రంతో తడిసిన నేలపై బ్లీచింగ్ పౌడర్ పోయడం ప్రమాదకరం. క్లోరిన్, అమ్మోనియా కలిసి క్లోరమైన్లు అనే విషవాయువులు ఏర్పడతాయి. బ్లీచింగ్ పౌడర్‌ను వెనిగర్ వంటి ఆమ్లంతో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. శుభ్రపరిచే క్రమం ఇలా ఉండాలి: ముందుగా పెంటను పొడిగా గీకి తీయాలి, గారపై వెనిగర్ పోసి కొంతసేపు నాననిచ్చి రుద్దాలి, జింకు పూత దెబ్బతినకుండా వెంటనే మంచినీటితో బాగా కడగాలి, ఎండలో ఆరబెట్టాలి, ఆ తరువాతనే క్రిమిసంహారకం వాడాలి. ఫినాయిల్, అగరుబత్తి, సుగంధ ద్రవాలు వాసనను కప్పుతాయే తప్ప అమ్మోనియాను తగ్గించవు. అవి కుందేలు ముక్కుకు అదనపు చికాకు కలిగిస్తాయి.

గూడు పెట్టెలు ప్రత్యేక శ్రద్ధ కోరతాయి. ఈనడానికి రెండు మూడు రోజుల ముందు పెట్టే ఈ పెట్టె అడుగున పిల్లల మూత్రం చేరుతుంది, పిల్లల ముక్కులు ఆ పరుపుకే ఆనుకొని ఉంటాయి. పెట్టె అడుగున చిన్న రంధ్రాలు వేయాలి. తడిసిన గడ్డిని మాత్రమే తీసి పొడి గడ్డి వేయాలి, తల్లి పీకి పరిచిన బొచ్చులో పొడిగా ఉన్నదాన్ని తిరిగి పిల్లలపై కప్పాలి.

కొలత, క్షేత్ర అభ్యాసం

రోజూ అదే గదిలో పనిచేసేవారి ముక్కు అమ్మోనియాకు అలవాటుపడుతుంది. “మాకు వాసనేమీ లేదు” అని పెంపకందారు చెప్పడం అబద్ధం కాదు, అలాగని అది ఆధారమూ కాదు. తెల్లవారుజామున తలుపులు తెరవక ముందు, బయటి నుంచి వచ్చిన వ్యక్తి పంజరం మట్టానికి వంగి పరీక్షించాలి. స్వేదనజలంతో తడిపిన ఎర్ర లిట్మస్ కాగితాన్ని కుందేలు ముక్కు మట్టంలో వేలాడదీస్తే అమ్మోనియా ఉన్నచోట అది నీలిరంగుకు మారుతుంది. ఇది గాఢతను అంకెలలో చెప్పదు కాని, మారడానికి పట్టిన సమయాన్ని నమోదు చేస్తే రెండు రోజుల మధ్య, రెండు మూలల మధ్య తేడా తెలుస్తుంది. అంకెలు కావలసినచోట రంగుమారే అమ్మోనియా గొట్టాలను వాడవచ్చు.

విద్యార్థులు ఒక పెంపకందారు గదిలో ఏడు రోజులు ఇలా నమోదు చేసి, నిపుళ్ల మరమ్మతు, దశలవారీ దాణా, రోజువారీ పెంట తొలగింపు అనే మూడు మార్పులను వారానికొకటి చొప్పున ప్రవేశపెట్టి, ప్రతి మార్పు ఫలితాన్ని విడిగా పరిశీలించవచ్చు. తుమ్ములు ఉన్న కుందేళ్ల సంఖ్యను కూడా అదే పట్టికలో రాయాలి. అన్ని మార్పులనూ ఒకేసారి చేస్తే దేని వల్ల మేలు కలిగిందో పెంపకందారుకు చెప్పడం సాధ్యం కాదు.

ముగింపు

గాలిలో కలిసిపోయే ప్రతి గ్రాము అమ్మోనియా, దాణా కోసం డబ్బు పెట్టి కొన్న నత్రజనే. విడిగా పట్టిన మూత్రాన్ని పది రెట్ల నీటితో కలిపి కూరగాయల మడులకు వాడవచ్చు. ఆరిన పెంటికలను ఎండుటాకులు, గడ్డితో కలిపి వానపాముల ఎరువుగా మార్చవచ్చు. మూత్రంతో తడిసిన తాజా పెంటలో వానపాములు బతకవు కనుక ఇక్కడ కూడా వేరుచేయడమే మొదటి పని. విస్తరణ శాస్త్రవేత్తలు పెంపకందారులకు చెప్పవలసిన సూచనల క్రమం ఇది: నీటి కారుడు ఆపడం, మూత్రాన్ని పెంట నుంచి వేరుచేయడం, రోజూ తీసివేయడం, దశకు తగిన దాణా ఇవ్వడం, గాలి దిశను సరిచేయడం. ఈ ఐదూ అమలయ్యాక కూడా వాసన మిగిలితేనే రసాయనాల గురించి ఆలోచించాలి.